వానరోజు ట్రాప్ ఖాళీగా ఉంటే జోరీగలు పోయినట్టేనా?

ప్రశ్న: మాది గోదావరి డెల్టాలో కాలువ పక్కన ఉన్న పల్లె. గేదెలు, రెండు ఆవులు ఉన్నాయి. నిరుడు వానాకాలం వెళ్లేటప్పుడు ఒక చూడి గేదెకు సర్రా అనే రక్తపు జబ్బు వచ్చి కడుపు ఈసుకుపోయింది. జోరీగలు ఈ జబ్బును అంటిస్తాయని డాక్టరుగారు చెప్పడంతో, ఈ ఏడు నీలం, నలుపు గుడ్డలతో, పైన దోమతెర వలతో కుట్టించి, ఈగలు పడటానికి సీసా బిగించిన ట్రాప్‌లు రెండు తెచ్చి పాక దగ్గర కట్టాను. కొన్ని రోజులు సీసా నిండిపోతోంది. ముసురు పట్టిన మూడు రోజులూ ఒక్క ఈగ కూడా పడలేదు. ఈగలు తగ్గాయనుకుని మర్నాడు ఎండ కాయగానే గేదెలను కాలువ గట్టుకు తోలితే, పొట్ట మీద, కాళ్ల మీద నెత్తుటి చుక్కలతో తిరిగొచ్చాయి. పొద్దున చిన్న ఈగలు, మధ్యాహ్నం పెద్ద ఈగలు పడుతున్నాయి. పక్కింటివారు ట్రాప్‌ల వల్ల లాభం లేదంటున్నారు. వీటిని ఏ వేళలో, ఎలాంటి వాతావరణంలో పెట్టాలి? రాత్రిపూట తీసేయవచ్చా?
– ఒక పాడి రైతు

సమాధానం: మీ ట్రాప్ బాగానే పనిచేస్తోంది. అయితే మీ ఊళ్లో ఎన్ని ఈగలు ఉన్నాయో అది చెప్పలేదు. ఆ పూట ఎన్ని ఈగలు ఎగిరాయి, ఎగిరినవాటిలో ఎన్ని ట్రాప్‌ను గుర్తించి దగ్గరకు వచ్చాయి, వచ్చినవాటిలో ఎన్ని పైకెక్కి సీసాలో పడ్డాయి అనే మూడు సంగతులు కలిసిన లెక్కనే అది మీ చేతికిస్తుంది. ఈ మూడింటినీ ఎండ, వాన, గాలి, పొద్దు మార్చేస్తాయి కాబట్టి, ముసురు రోజుల్లో సీసా ఖాళీగా ఉండటాన్ని ఆ మూడు రోజుల వాన గురించిన సమాచారంగానే తీసుకోవాలి. అప్పటికి పుట్టి ఉన్న ఈగలు ఆకుల అడుగున, చెట్ల మొదళ్ల దగ్గర కదలకుండా ఆకలితో ఉంటాయి. ఎండ రాగానే అవన్నీ ఒక్కసారిగా నెత్తురు కోసం బయలుదేరతాయి. మీ గేదెలకు జరిగింది అదే. వాన వెలిసిన మొదటి ఎండ రోజున పశువులను మధ్యాహ్నం బయటకు తోలకపోవడం మంచిదని ఇకముందు గుర్తు పెట్టుకోండి.

ముందుగా సీసాలో పడినవాటిని ఒక తెల్ల కాగితం మీద పోసి, పగటి వెలుతురులో దగ్గరగా చూడండి. పెద్దవి, కన్నులు తల అంతటినీ ఆక్రమించినట్టుగా ఉండేవి జోరీగలు. వాటి రెండు కళ్ల నడుమ సన్నని గీత లాంటి ఎడం కనిపిస్తే అది ఆడ ఈగ, కళ్లు నడినెత్తిన కలిసిపోయి ఉంటే మగది. మీ సీసాలో దాదాపు అన్నీ ఆడవే కనిపిస్తాయి. ఆడ జోరీగ మాత్రమే గుడ్ల కోసం నెత్తురు తాగుతుంది, మగది పూల తేనెతో బతుకుతుంది కాబట్టి పశువు వైపు రావలసిన పని దానికి లేదు. ఇక మీరు చిన్న ఈగలన్నవి ఇంట్లో తిరిగే ఈగల్లా కనిపిస్తాయి గానీ, తల కింద నుంచి ముందుకు పొడుచుకొచ్చిన గట్టి నల్లటి సూది లాంటి తొండం ఉంటే అవి కొట్టపు ఈగలు. వీటిలో ఆడదీ మగదీ రెండూ కుడతాయి. ఎక్కువగా ముందుకాళ్ల కింది భాగంలో వాలుతాయి కాబట్టి, గేదె నిలబడిన చోటే కాళ్లు టపటపా నేలకేసి కొడుతూ ఉంటే ఇవి వచ్చాయని తెలుసుకోవచ్చు. తొండం అలా పొడుచుకురాని మామూలు ఈగలు కూడా కొన్ని పడతాయి. వాటిని పక్కకు తీసి, మిగిలిన రెండు రకాలనూ వేర్వేరుగా లెక్కపెట్టండి. అన్నీ కలిపి ఒకే అంకె రాసుకుంటే వేళల తేడా మీకు ఎప్పటికీ బోధపడదు.

జోరీగలలో ఎక్కువ జాతులు పట్టపగటి ఈగలు. పొద్దెక్కి ఎండ వేడి పట్టాక బయలుదేరి, మధ్యాహ్నం, ఆ తర్వాత కొంతసేపు ముమ్మరంగా తిరిగి, ఎండ వాలేసరికి తగ్గిపోతాయి. తెల్లవారుజామున, మునిమాపు వేళ మాత్రమే ఎగిరే జాతులు కొన్ని లేకపోలేదు గానీ, మీరు రాసిన దాన్ని బట్టి మీ దగ్గరున్నవి మధ్యాహ్నపు రకాలే. కొట్టపు ఈగల తీరు వేరు. వాతావరణం చల్లగా ఉంటే మధ్యాహ్నం ఒక్కసారే ఎక్కువగా తిరుగుతాయి. వేడి రోజుల్లో మాత్రం ఉదయం పొద్దెక్కే వేళ ఒకసారి, సాయంత్రం ఎండ తగ్గాక మరోసారి విజృంభించి, నడుమ ఎండ వేళ గోడల నీడనో, పాక వాసాల మీదో వాలి ఉంటాయి. పొద్దున చిన్నవి, మధ్యాహ్నం పెద్దవి పడుతున్నాయన్న మీ పరిశీలన అందువల్ల ఎంతో సరైనది. మీరు దాన్ని సందేహంగా రాశారు గానీ, మందు చల్లే నిర్ణయానికైనా మేపే వేళ మార్చుకోవడానికైనా పనికొచ్చే అసలు సమాచారం అదే.

మన ఊళ్లలో సంధ్యవేళ పాక ముందు వేపాకు పొగ వేయడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. దోమలు బయలుదేరే వేళ అది కాబట్టి వాటి విషయంలో ఆ పొగకు అర్థం ఉంది. కానీ జోరీగలు ఆపాటికి ఆ రోజుకు తిరగడం మానేసి ఉంటాయి. సర్రా భయంతో పొగ వేసేవారు అది సాయంత్రపు కొట్టపు ఈగలకూ దోమలకూ అడ్డమేమో గానీ మధ్యాహ్నం గట్టు మీద కుట్టిన జోరీగకు అడ్డం కాదని తెలుసుకోవాలి.

ఇక ఒక్కొక్క వాతావరణాన్నీ చూద్దాం. ఈగకు సొంతంగా ఒంటి వేడి ఉండదు. రెక్కల కండరాలు వేడెక్కితే తప్ప అది ఎగరలేదు, అందులోనూ జోరీగ లాంటి పెద్ద ఒడలున్న ఈగకు ఎండ మరీ అవసరం. అందుకే అరకు, ఆదిలాబాద్ లాంటి చోట్ల చలికాలపు ఉదయాల్లో ట్రాప్ చాలా పొద్దెక్కేదాకా ఖాళీగా ఉంటే ఆశ్చర్యపడనక్కర్లేదు. మీ డెల్టాలో ఆ ఇబ్బంది తక్కువ. వేడి మితిమీరినా ఈగలు ఎగరడం మానేస్తాయి. ఆఫ్రికాలో జాంబెజీ లోయలోని, నెత్తురు తాగే సెట్సీ ఈగలు చల్లని కాలంలో మధ్యాహ్నం తిరుగుతూ, మండు వేసవిలో పగలంతా చెట్టు తొర్రల్లోనూ నేల బొరియల్లోనూ దాక్కుని ఉదయం, సాయంత్రం మాత్రమే బయటికి వస్తాయని అక్కడి పరిశోధకులు తేల్చారు. సెట్సీ ఈగలు మన దేశంలో లేవు. వేడికి లొంగే ఆ తీరు మాత్రం మన కొట్టపు ఈగల్లోనూ కనిపిస్తుంది.

గాలి విషయంలో కొలమానం ఏదీ కొనక్కర్లేదు, చెట్టును చూస్తే చాలు. ఆకులు మాత్రమే కదిలే గాలి ట్రాప్‌కు మేలే చేస్తుంది, ఎందుకంటే పశువుల వాసన గానీ ఎర వాసన గానీ ఒక దారిగా సాగి ఈగను దగ్గరకు తెస్తుంది. చిన్న కొమ్మలు ఊగే గాలి వస్తే జోరీగలు ఎగరడం బాగా తగ్గిపోతుంది. ఎగిరినవాటికి కూడా వాసన దారి చెదిరిపోతుంది, గుడ్డ అల్లల్లాడుతుంటే దాని రూపమూ తెలియదు. మీ పల్లె సముద్రానికి దగ్గరైతే మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది కదా, అలాంటి చోట మధ్యాహ్నపు పట్టు లోతట్టు గ్రామాల కంటే ముందే తగ్గిపోవచ్చు. అది మీ చోటికి సంబంధించిన సంగతి కాబట్టి వేళవారీగా లెక్క రాస్తే మీకే తెలుస్తుంది.

వెలుతురు అన్నిటికంటే ముఖ్యం, దాని గురించి కొంచెం విపులంగా చెప్పాలి. మీరు కట్టినది ఎన్‌జీ అనే నమూనా ట్రాప్ అయి ఉంటుంది. సెట్సీ ఈగలతో పాటు ఇతర కుట్టే ఈగలను కూడా పట్టడానికి స్టీవ్ మిహోక్ అనే శాస్త్రవేత్త రూపొందించి 2002లో దీని వివరాలు ప్రచురించాడు. ఇది ప్రధానంగా ఈగ చూపు మీద ఆధారపడి పనిచేసేది. దూరం నుంచి నీలం రంగు ఈగను పిలుస్తుంది, దగ్గరకొచ్చాక ఈగ నలుపు మీద వాలాలని చూస్తుంది, అక్కడ నుంచి తప్పించుకోబోయి పైన వలలోంచి కనిపించే వెలుతురు వైపు ఎగిరి సీసాలోకి చేరుతుంది. మబ్బు పట్టిన రోజున నీలం మెరుపు తగ్గుతుంది, లోపలి చీకటికీ పైనున్న వెలుతురుకూ మధ్య తేడా కూడా తగ్గుతుంది. దానితో వచ్చిన ఈగ సైతం ముందు ద్వారం నుంచే బయటికి పోవచ్చు. చెట్టు నీడన కట్టిన ట్రాప్ గతీ ఇంతే. పాక పక్కన చింతచెట్టో కొబ్బరిచెట్లో ఉండి ట్రాప్ మీద మధ్యాహ్నం నీడ పడుతుంటే, జోరీగలు ముమ్మరంగా ఉన్న వేళలోనే మీ ట్రాప్ మూతపడినట్టు లెక్క.

జోరీగ కంటికి మరో గుణం ఉంది. నీటి మీద, నునుపైన నల్లని ఒంటి మీద పడి తిరిగివచ్చే ఎండకు ఒక ప్రత్యేకమైన తీరు ఉంటుంది. మన కంటికి అందని ఆ తేడాను జోరీగలు పసిగట్టి, దానికి ఆకర్షితమవుతాయని హంగేరీకి చెందిన గాబోర్ హోర్వాత్ బృందం ప్రయోగాలతో చూపించింది. వారి ప్రయోగాల్లో తెల్ల గుర్రాల కంటే ముదురు రంగు గుర్రాల మీదకే జోరీగలు ఎక్కువగా వచ్చాయి. నిగనిగలాడే నల్లని గోళాన్ని ఎండలో వేలాడదీసి, దాని మీద గొడుగు లాంటి వల కట్టే ట్రాప్‌లు కూడా ఈ గుణం మీదే పనిచేస్తాయి, అందుకే అవి నేరుగా ఎండ పడితేనే ఈగలను పడతాయి. కాలువలోంచి లేచి తడి ఒంటితో ఎండలో నిలబడిన నల్ల గేదె జోరీగకు ఎంత స్పష్టంగా కనిపిస్తుందో దీన్ని బట్టి ఊహించుకోండి. గేదె నీళ్లలో మునిగి ఉన్నంతసేపూ దానికి రక్షణే. పైకి లేచాక దాన్ని ఎండలో నిలపకుండా తిన్నగా నీడకు తోలడం మంచిది.

వాన గురించి మాట్లాడేటప్పుడు మూడు కాలాలను కలిపేయకూడదు. కురుస్తున్నప్పుడు ఈగలు ఎగరవు, ట్రాప్ గుడ్డ కూడా తడిసి ముద్దయి రంగు మారుతుంది. అది ఆ పూట వరకే. రెండు మూడు వారాల తర్వాత మాత్రం ఆ వాన కొట్టపు ఈగల రూపంలో తిరిగి వస్తుంది. తడిసిన వరిగడ్డి, పేడ, మూత్రం కలిసి కుళ్లే చోట అవి గుడ్లు పెడతాయి, మన వేడిలో గుడ్డు నుంచి ఈగ కావడానికి సుమారు రెండు వారాలు చాలు. జోరీగ పిల్లలు కాలువ అంచుల్లోని, వరిచేలల్లోని బురదలో నెలల తరబడి పెరుగుతాయి కాబట్టి వాటి మీద వాన ప్రభావం ఒక రోజుదో వారానిదో కాదు, ఆ ఏడాది మొత్తానిది. మన దేశంలో సర్రా వానాకాలంలోనూ అది వెళ్లిన తర్వాతి నెలల్లోనూ ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. వాన రాబోయే ముందు ఈగలు పిచ్చెత్తినట్టు కుడతాయని పెద్దలు అనే మాటను కూడా కొట్టిపారేయకండి. గాలి స్తంభించి ఉక్కపోసే ఆ వేళ ఈగ ఎగరడానికి ఎంతో అనుకూలం.

ట్రాప్‌ను ఎక్కడ, ఎలా కట్టాలన్నది ఈ సంగతుల నుంచే తేలుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం వరకు నీడ పడని చోటు చూడండి. పాకకు మరీ ఆనుకుని కాకుండా పది ఇరవై మీటర్ల దూరంలో, ఈగలు వచ్చే కాలువ వైపు ఒకటి, పెంటకుప్ప వైపు మరొకటి ఉంచండి. గుడ్డ కింది అంచు నేలకు దగ్గరగా ఉండాలి, ఎందుకంటే కొట్టపు ఈగలు చాలావరకు నడుము ఎత్తుకు లోపలే ఎగురుతాయి. చుట్టూ గడ్డి ఏపుగా పెరిగి ట్రాప్ కింది భాగాన్ని కప్పేస్తే సగం పని పోయినట్టే కాబట్టి వారానికోసారి కోసేయండి. కొన్ని రోజులు నిల్వ ఉంచిన పశువుల మూత్రాన్ని వెడల్పు మూతి సీసాలో పోసి ట్రాప్ వెనుక పెడితే, అందులోని ఘాటైన వాసనలు కొన్ని జాతుల జోరీగలను బాగా రప్పిస్తాయి. ఎండ ఎక్కువైన కొద్దీ ఆ వాసన కూడా ఎక్కువగా ఆవిరవుతుందన్నది లెక్క చూసేటప్పుడు మరవకండి. నీలం గుడ్డ ఎండకు వెలిసిపోయాక పట్టు తగ్గుతుంది. అప్పుడు ఈగలు తగ్గాయని సంతోషించకుండా గుడ్డ మార్చాలి.

లెక్క రాసే పద్ధతి కష్టమైనదేమీ కాదు. వారంలో ఒకటి రెండు రోజులు మాత్రం ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు మూడేసి గంటలకోసారి సీసా మార్చి, ఏ రకం ఎన్ని పడ్డాయో, అప్పుడు ఎండా మబ్బా, ఆకులు కదులుతున్నాయా కొమ్మలు ఊగుతున్నాయా అన్నది రాయండి. మిగిలిన రోజుల్లో సాయంత్రం ఒక్కసారి లెక్కిస్తే సరిపోతుంది. రెండు ట్రాప్‌ల చోట్లను అప్పుడప్పుడు తారుమారు చేయండి, లేకపోతే ఒకటి ఎక్కువ పట్టడానికి ట్రాప్ కారణమో చోటు కారణమో తెలియదు. ఈగలు పెరిగాయా తగ్గాయా అని పోల్చేటప్పుడు ఎండ కాసి, గాలి తక్కువగా ఉన్న రోజులను అలాంటి రోజులతోనే పోల్చండి. ముసురు రోజుల అంకెలను పుస్తకంలో ఉంచండి గానీ పోలికలోకి తీసుకోకండి. అలాంటి మంచి రోజుల అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా రాసి, నడుమ వచ్చిన అంకెను తీసుకోవడం సగటు తీయడం కంటే నమ్మదగినది. ఒక్క రోజు సీసా నిండిపోతే సగటు మొత్తం దాని వైపే ఒరిగిపోతుంది.

ఇప్పుడు పశువుల సంగతి. ట్రాప్ చెప్పిన వేళలను మీ మేపే వేళలకు అన్వయించుకున్నప్పుడే దానికి పెట్టిన డబ్బుకు ఫలితం. జోరీగల ఉధృతి ఉన్న నెలల్లో గట్టు మీద మేపడం ఉదయం పొద్దెక్కకముందు ముగించి, మధ్యాహ్నం పాక నీడనో నీళ్లలోనో ఉంచి, ఎండ వాలాక మళ్లీ తోలండి. జోరీగలు చీకటిగా ఉండే పాక లోపలికి రావడానికి అంతగా ఇష్టపడవు. సర్రా క్రిమిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర గుర్రాల, ఒంటెల రక్తంలో గుర్తించాడు, ఆ క్రిమికి ఆయన పేరే ఉంది. ఈ క్రిమి జోరీగ ఒంట్లో పెరగదు, తొండానికి అంటిన నెత్తుటిలో కొద్దిసేపు మాత్రమే బతికి ఉంటుంది. కుట్టు నొప్పికి గేదె తోకతో కొట్టగానే సగం తాగిన ఈగ లేచి, పక్కనే ఉన్న మరో పశువు మీద వాలి తాగడం ముగిస్తుంది, జబ్బు పాకేది ఆ కొద్ది నిమిషాల్లోనే. కాబట్టి జ్వరం వచ్చి పోతూ, చిక్కిపోతూ, కాళ్లు వాస్తూ, గుండ్రంగా తిరుగుతూ ఉన్న పశువును వెంటనే మిగిలినవాటికి దూరంగా, ముఖ్యంగా మధ్యాహ్నం వేళ దూరంగా కట్టి, రక్త పరీక్షకు పశువైద్యుడిని పిలవండి. నిరుడు జబ్బు పడిన గేదె మీ దగ్గరే ఉంటే, పైకి ఆరోగ్యంగా కనిపించినా దాని రక్తాన్ని కూడా పరీక్ష చేయించండి.

రెండు ట్రాప్‌లతో ఊరి ఈగలన్నీ పోతాయని ఆశించడం సరికాదు, పక్కింటివారి మాటలో అంతవరకే నిజం ఉంది. కొట్టపు ఈగలను తగ్గించేది పాక వెనుక పని. తడిసిన గడ్డిని కుప్పగా వదలకుండా పలచగా ఎండలో పరవండి, పేడకుప్పను గట్టిగా తొక్కి టార్పాలిన్‌తో కప్పండి, కుడితి తొట్టి చుట్టూ మురుగు నిలవనివ్వకండి. జోరీగలు పుట్టే కాలువలను, వరిచేలను మనం ఎండగట్టలేం కాబట్టి వాటి విషయంలో వేళ పాటించడమే ప్రధానమైన ఆయుధం.

గొర్రెలున్న పాఠకులు ఈ వేళలను తమకు అన్వయించుకోకూడదు. నీలి నాలుక జబ్బును మోసే నుసుముల్లాంటి చిన్న కీటకాలు పొద్దుగూకే వేళ నుంచి తెల్లవారే వరకు తిరుగుతాయి, వాటిని దీపపు ట్రాప్‌లతో పడతారు, నిండు వెన్నెల రోజున ఆ దీపం వెలుగు పలచబడి లెక్క తగ్గిపోతుంది. ఆ మందలకు రాత్రి రక్షణ కావాలి.

రాత్రి తీసేయవచ్చా అని అడిగారు. మీ రెండు రకాల ఈగలూ చీకటిలో తిరగవు, తీసినా నష్టం లేదు. అయితే కొట్టపు ఈగలు పొద్దు పొడిచిన కొద్దిసేపటికే బయలుదేరతాయి కాబట్టి, తీసిన ట్రాప్‌ను అంతకుముందే మళ్లీ కట్టగలిగితేనే తీయండి. పాలు పితికే హడావుడిలో అది కుదరదనుకుంటే అలాగే ఉంచి, చీకటి పడ్డాక సీసా మాత్రం ఖాళీ చేయండి. గాలివాన హెచ్చరిక ఉన్న రాత్రి గుడ్డ, వల రెండూ విప్పి లోపల పెట్టి, వాన వెలిసిన వెంటనే ఎండ ముదరకముందే తిరిగి కట్టండి. ఆ మొదటి ఎండ రోజున మీ ట్రాప్‌కు పని ఎక్కువ.